పుట్ట, పూవు, వలయము: ఇందూరు సీమలో కళయు సామరస్యమును

కళ మనుష్యులను ఒకరికొకరిని చేరువ చేయుననియు, మనుష్యజాతిని ప్రకృతికి చేరువ చేయుననియు చెప్పు మాటలను సభలలో విననివారు లేరు. విని కాదన్నవారును లేరు. ఎవ్వరును కాదనని మాటకే పరీక్ష ఎక్కువ అవసరము. ఏ కళ ఎవరిని ఎవరితో కలిపినది? ఎంతకాలము కలిపి యుంచినది? ప్రకృతి యనగా పటములో గీసిన వెన్నెలయా, ఊరి వెలుపలి తంగేడు పొదయా? ఇట్టి ప్రశ్నలను ఆకాశమున నిలిపి చర్చించుటకంటె ఒక నేలమీద దింపి చూచుట మేలు. ఇందూరను పాతపేరుగల నిజామాబాదు పట్టణమును, దానికి పడమట నున్న బోధను చెరకు సీమయు ఆ పరీక్షకు తగిన నేల యని నా యభిప్రాయము.

గోదావరికి దక్షిణపుటొడ్డున, మంజీర వచ్చి ఆ నదిలో కలియు కందకుర్తికి సమీపమున ఉన్న యీ ప్రాంతమున సంతకు పోయినవాని చెవిని తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడము, లంబాడీ పలుకులు ఒక్క గడియలోనే సోకును. 1923లో పని ఆరంభించి 1931 నాటికి మంజీరకు అడ్డముగా నిజాంసాగరమును కట్టిన పిమ్మట రెండులక్షల డెబ్బదియైదువేల యెకరములకు నీటి యాశ కలిగెను, ఆ యాశ వెంబడి కోస్తా జిల్లాల రైతు కుటుంబములు తరలివచ్చి వర్ని, కోటగిరి, బాన్సువాడ ప్రాంతములలో ‘క్యాంపు’లను పేర కొత్త యూళ్లు కట్టుకొనెను, 1937లో బోధనున నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలసి, దాని చెంతనే శక్కర్‌నగరము లేచెను. ఇన్ని భాషల, ఇన్ని వృత్తుల, ఇన్ని మతముల జనము ఒకే కాలువనీటిని పంచుకొన్నచోట ఐక్యమను మాట ఉపన్యాసమునకు కాక నీటి వంతుకు సంబంధించినదై యుండును.

నేలమీదికి దిగుటకు ముందు ప్రాజ్ఞులు చెప్పినదానిని సంగ్రహముగా స్మరింతము. మన యాలంకారికులలో భట్టనాయకుడు సాధారణీకరణమను వ్యాపారమును ప్రతిపాదించెను. అభినవగుప్తుడు దానిని గ్రహించి, సంస్కరించి, నాట్యమును చూచుచున్న సహృదయుడు తన పేరును, తన లాభనష్టములను, తన దేశకాలములను మరచి ఎల్లరకు సమానమైన యొక చిత్తవృత్తియందు లయించునని వివరించెను. మనుష్యైక్యమునకు ఇంతకంటె సూక్ష్మమైన సిద్ధాంతము నేనెరుగను. అయినను అది తెర పడగానే ముగియు ఐక్యము. టాల్‌స్టాయి తన వార్ధకమున, 1898 ప్రాంతమున, కళాస్వరూపమును గూర్చి గ్రంథము వ్రాసి, ఒకని హృదయములోని భావము మరియొకనికి సోకుటయే కళ యనియు, మానవులను సోదరులుగా చేయని కళ కళయే కాదనియు తీర్పు చెప్పి, ఆ తీర్పుచొప్పున తన మహానవలలనే త్రోసిపుచ్చుటకు వెనుదీయలేదు. రవీంద్రుడు 1928లో శాంతినికేతనమున వృక్షారోపణోత్సవమును, శ్రీనికేతనమున హలకర్షణోత్సవమును నెలకొల్పి, పాటను మొక్కతోడను నాగలితోడను ముడివేసెను. అభ్యుదయవాదులు వీరందరిని ప్రక్కకు జరిపి, పండుగలలోని సామరస్యము యజమానికిని పాలేరునకును నడుమ ఒక్క దినము కప్పు తెర యనియు, ఆ తెరను చింపు కళయే నిజమైన ఐక్యమును తెచ్చుననియు వాదించిరి.

ఈ నాలుగు పక్షములలోను సత్యాంశము కలదు. కాని వీరిలో రవీంద్రుని మినహాయించి తక్కినవారెల్లరు కళను సిద్ధముగా చేయబడి మనమీద పనిచేయు వస్తువుగా భావించిరి. నేను వేరొక కొలత పట్టదలచితిని. ఒక కళ మనకేమి బోధించుచున్నదను విచారణను వెనుకకు నెట్టి, అది పుట్టుటకు ఎవరి చేతులను, ఏ మట్టిని, ఏ ఋతువును, ఎంత నీటిని కోరుచున్నదని ముందు అడుగుదము. పొరుగువాని చేయి లేక, పొలముగట్టు పూవు లేక పుట్టజాలని కళ, ఐక్యమును గూర్చి ఒక్క మాటయు పలుకకున్నను, ఆ రెంటిని కాపాడుకొనుమని సంవత్సరమున కొకసారి మనలను నిర్బంధించును. రెంటి యవసరమును లేని కళ ఎంత మధురముగా సామరస్యమును కీర్తించినను అది కీర్తనమాత్రమే.

బోధను పట్టణము పూర్వకాలపు పోదనము, జైన వాఙ్మయములోని పౌదనపురము, అని చరిత్రకారులలో పెక్కుమంది యభిప్రాయము. వేములవాడ చాళుక్యుల తొలి రాజధాని యిదే. ఆ వంశమున యుద్ధమల్లుడను రాజు పోదనమున నూనె నింపిన కొలనులో తన యేనుగులకు స్నానము చేయించెనని వారి ప్రశస్తులు గొప్పగా చెప్పుకొనుచున్నవి. చక్కెర మిల్లు రాకకు వేయేండ్లకు పైగా ముందే ఈ యూరికి సంపద ఒలకబోసికొను విద్య తెలిసియుండెను కాబోలు! ఆ వంశమునకే చెందిన అరికేసరి యాస్థానమున పంపకవి 941లో కన్నడమున ఆదిపురాణమును రచించి, పౌదనపురాధీశుడైన బాహుబలి కథను చెప్పెను. అన్నదమ్ములైన భరత బాహుబలులు రాజ్యమునకై తలపడవలసివచ్చినపుడు, సైన్యముల నెత్తురు చిందనేల యని మంత్రులు అడ్డుపడగా, చూపులతోను, నీటితోను, మల్లబంధములతోను తామిరువురే పోరాడిరట. గెలిచిన బాహుబలి గెలిచిన క్షణముననే విరక్తుడై అడవికి పోయి నిలువుకాళ్లమీద తపస్సు చేయగా, పాదములచుట్టు పుట్టలు పెరిగి, తీగలు తొడలను భుజములను అల్లుకొనెనట.

ఆ పౌదనపురమున భరతుడు తమ్మునికి 525 విండ్ల యెత్తు విగ్రహమును నిలిపెననియు, కాలక్రమమున కుక్కుటసర్పములు దానిని చుట్టుముట్టి మనుష్యులకు కానరాకుండ చేసెననియు, ఆ విగ్రహమును దర్శింప గోరిన గంగరాజుల మంత్రి చాముండరాయడు అది దుర్లభమని తెలిసికొని దానికి మారుగా శ్రవణబెళగొళ కొండమీద గోమటేశ్వరుని చెక్కించెననియు అచ్చటి పండ్రెండవ శతాబ్దపు శాసనకావ్యము చెప్పుచున్నది. చాముండరాయని విగ్రహము 981 ప్రాంతమున వెలసినది, దాదాపు 57 అడుగుల యెత్తు, ఒక్కటే రాయి. దానిని చూచినవారు ముఖమునందలి ప్రశాంతినే పొగడుదురు గాని, నేను శిల్పి క్రిందిభాగమున చేసిన పనికి ఎక్కువ అబ్బురపడుదును. పుట్టలను, పుట్టలనుండి తలలెత్తు పాములను, మోకాళ్లను దాటి భుజముల వరకు ప్రాకు మాధవీలతను అతడు అలంకారముగా చెక్కలేదు. మనుష్యుడు కదలక నిలిచినచో మట్టియు తీగయు అతనిని తమలో ఒకనిగా ఎట్లు చేర్చుకొనునో ఆ క్రమమునే చెక్కెను. ప్రకృతికి ఇంతటి కర్తృత్వమిచ్చిన విగ్రహములు లోకమున అరుదు. ఇక మూలవిగ్రహము మాట కొచ్చినచో, అది బోధనున ఎన్నడైన నుండెనా యని శంకించుట చరిత్రకారుని వంతు. పుట్టలు మొలచిన మునియొక్క ప్రతిమను పుట్టలే మరల మ్రింగివేసెనని చెప్పిన కథకుని చమత్కారమును మెచ్చుకొనుట మన వంతు.

అయితే మన కొలతతో చూచినచో ఇందొక లోపము కలదు. బాహుబలి ప్రకృతితో చెలిమి చేసినది మనుష్యులను విడిచిన పిమ్మట. ఊరిలో నున్నవారు ఊరిలోనే యుండి తీగతోను పుట్టతోను ఎట్లు మెలగవలెనో ఆ విగ్రహము చెప్పదు. ఆ సంగతి చెప్పిన కళ వేరొకటి కలదు. అది రాతిలో లేదు.

రాతిని విడుచుటకు ముందు మరి రెండింటిని తలచుకొందము. పంపని తమ్ముడు జినవల్లభుడు కరీంనగరు ప్రాంతపు కుర్క్యాల దగ్గర బొమ్మలగుట్టమీద జైన ప్రతిమలను చెక్కించి, వాటి క్రింద సంస్కృతమునను, కన్నడమునను, తెలుగునను శాసనము వ్రాయించెను. ఆ తెలుగు కందములు మన పద్యవాఙ్మయమునకు తొలి మెట్లలో నున్నవి. మూడు భాషలు ఒక్క రాతిమీద ఒకదాని నొకటి త్రోసికొనక నిలిచిన ఆ కాలమున భాషాభేదము కలహకారణము కాలేదని తోచును. అట్టి గుట్టలున్న జిల్లాలోనే గ్రానైటు గనులు నేడు కొండలను కొండలుగా మిగులనీయకున్నవి. ఇక బోధనులోని దేవళ మసీదు స్తంభములమీద పూర్వపు జైనాలయపు చెక్కడములు నేటికిని కనబడుచున్నవి. దానినిగూర్చి తీర్పు చెప్పుటకు తొందరపడువారు ఇరుప్రక్కల చాలమంది యున్నందున నేను స్తంభములను చూచి యూరకుందును.

ఇక రాతినుండి మనుష్యుల నోటికి వత్తము. బోధనుకు దగ్గరి అమ్దాపూరున నివసించిన చిందుల ఎల్లమ్మ ఈ సీమ కనిన మహానటి; 2005లో కాలధర్మము నొందెను. చిందువారు మాదిగలకు ఆశ్రితులై, తరతరాలుగా సంక్రమించిన హక్కుచొప్పున ఊరూర యక్షగానములాడి బ్రతికినవారు. స్త్రీ పాత్రలతోబాటు పురుషపాత్రలను గూడ ధరించి ఎల్లమ్మ రాత్రులు తెల్లవార్లు ఆడెను. అక్షరము రాని యామె నోట పురాణములు పద్యవచనములతో ప్రవహించెను. ఈ వర్గపు కళాకారులు చెప్పు జాంబపురాణమున జాంబవముని భూమికంటె ముందు పుట్టినవాడు. లోకములోని కులములకు ముందు, కులములను విభజించిన గ్రంథములకు ముందు, నిలుచుటకు మన్నే లేనినాడు పుట్టిన యీ వృద్ధుడు, తనను అంటరానివాడన్న బ్రాహ్మణునితో వాదమునకు దిగి, సృష్టిలోని సమస్తమును ఒక్క మూలమునుండియే వచ్చినదని నిరూపించును. మనుష్యైక్యమును గూర్చి ఇంత ధాటిగా వాదించిన కావ్యము మన శిష్టసాహిత్యమున తక్కువ. అభినవగుప్తుని సహృదయుడు నాట్యశాలలో తన కులమును మరచును; జాంబపురాణపు శ్రోత తన కులమును జ్ఞాపకముంచుకొని, దానికి లజ్జపడుటకు మారుగా గర్వించును. ఏది నిజమైన సాధారణీకరణమో పండితులు తేల్చవలెను. తెల్లవారిన పిమ్మట ఆ నటులకు ఊరి బావిదగ్గర లభించిన మర్యాద యేమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక మన విషయమునకు గుండెకాయవంటిది బతుకమ్మ. 1958లో బిరుదురాజు రామరాజుగారి జానపదగేయ సాహిత్య గ్రంథము వెలువడినది మొదలు ఈ పాటలకు పండితలోకమున స్థానము దొరికినది. పాటలను గూర్చిన చర్చ మిక్కుటముగా జరిగినది. పూవులను గూర్చినది తక్కువ. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదవనాడు సద్దులతో ముగియు ఈ పండుగకు కావలసిన పూవులలో ప్రధానమైనవి రెండు, గునుగు, తంగేడు. గునుగు చేలలో మొలచు కలుపు. వానకాలమంతయు రైతు దానిని పెరికి గట్టున పారవేయును. ఆశ్వయుజము వచ్చుసరికి ఆ పారవేయబడినదే తలకెక్కి, రంగులలో ముంచబడి, వరుసవరుసలుగా పళ్లెమున పేర్చబడును. తంగేడు చెరువుకట్టలమీదను, బీళ్లలోను, ఎవరును నాటక, ఎవరును నీరు పెట్టక పెరుగును. పశువులును దానిని అంతగా ముట్టవు. గుడిపూజకు తోటపూలు కలవు, పెండ్లికి అంగటి పూలు కలవు. ఎవరి సొత్తును కాని నేలమీద మొలచిన పూవులకే ఇచ్చట దేవతాస్థానము. గుమ్మడియాకు అడుగున, గుమ్మడిపూవు కొసన, ఆర్మూరు పొలముల పసుపుతో చేసిన గౌరమ్మ దానిమీద. పిండివంటలలో చెరకు బెల్లము. ఒక్క తాంబాళమున ఈ జిల్లా వ్యవసాయమంతయు వచ్చి కూర్చుండును.

మగపిల్లలు ఉదయమే పొలములకు పోయి పూవులు కోసి తేవలెను, తల్లులు పేర్చవలెను, సాయంకాలము ఒకతె పాట నెత్తుకొనగా తక్కినవారు అందుకొని చప్పట్లు చరచుచు వలయముగా తిరుగవలెను, పిమ్మట చెరువునకు పోయి పూవులను నీటికప్పగించి, తెచ్చిన సద్దులను, మలీదముద్దలను ఒకరికొకరు పంచుకొనవలెను. ఇందు ఏ యొక్క పనియు ఒంటరిగా సాగదు. చెరువు లేక ముగియదు. ఈ కళాఖండమునకు ఆయువు ఒక్కపూట. దానిని కొనదలచిన ధనికుడును, మ్యూజియమున పెట్టదలచిన అధికారియు నిరాశపడవలసినదే. నేను పైన చెప్పిన కొలతకు ఇంతకంటె నిండుగా సరిపోవు కళ నాకు కనబడలేదు.

దీనికి ముందు భాద్రపదమున కన్నెపిల్లలు ఆడు బొడ్డెమ్మ కలదు. పుట్టమన్ను తెచ్చి మెట్లుమెట్లుగా అరుగు వలె పేర్చి, పూవులుంచి, తొమ్మిది దినములు దానిచుట్టు ఆడుదురు. బాహుబలి పాదములను కప్పిన పుట్టయే ఇచ్చట పిల్లల చేతులకు వచ్చినది. ముని ఒంటరిగా పొందినదానిని బాలికలు గుంపుగా పొందుచున్నారు.

ఈ వలయమును కొంచెము పరిశీలింపవలెను, ఏలయన ఇది బతుకమ్మకే పరిమితము కాదు. క్యాంపులలోని కోస్తావారు సంక్రాంతినాడు ఆవుపేడతో గొబ్బెమ్మలుచేసి, ముగ్గు నడుమ నిలిపి, నడినెత్తిన గుమ్మడిపూవు గ్రుచ్చి, చుట్టును తిరుగుచు పాడుదురు. పాల్కురికి సోమనాథుడే పండితారాధ్యచరిత్రమున గొబ్బిపదములను పేర్కొన్నాడు గనుక ఆ యాట ప్రాచీనమైనది. కాలువ కీప్రక్క ఆశ్వయుజమున, ఆప్రక్క పుష్యమాసమున, అదే గుమ్మడిపూవుచుట్టు అదే వలయము తిరుగుచున్నదని గ్రహించుటకు ఆ రెండు జనములకు కొన్ని దశాబ్దములు పట్టినది. నీటికొరకును, భూమికొరకును, ఉద్యోగములకొరకును కలహించినవారికి ఈ పోలిక చూచు తీరిక యెక్కడిది? లంబాడీ తండాలలో శ్రావణమున తీజ్ వచ్చును: పెండ్లికాని పిల్లలు చిన్నబుట్టలలో ఎరువు కలిపిన మట్టి నింపి గోధుమలు చల్లి, తొమ్మిది దినములు నీరుపోసి మొలకలు పెంచి, బుట్టలచుట్టు పాడుచు తిరిగి, కడపటినాడు నీటిలో నిమజ్జనము చేయుదురు. కళాకృతి ఇచ్చట మొలకెత్తుచున్న విత్తనమే. మొహర్రమున పీరులచావడి ముందు అలావ గుండముచుట్టు గ్రామస్థులు కుల మత భేదము లేక డప్పుల మ్రోతకు అడుగులు వేయుదురు. ముస్లిము కుటుంబమొక్కటియు లేని తెలంగాణపు గ్రామములలో సైతము పీరులను హిందువులే ఎత్తుకొని హసన్ హుసేనుల కథను తెలుగున పాడుదురు. వర్ని దగ్గరి బడాపహాడు దర్గాకు కొండ యెక్కి పోవువారిలో ఎవరు ఏ మతమువారో మొక్కుబళ్లనుబట్టి చెప్పుట కష్టము.

పూవు, పేడ, మొలక, నిప్పు: నడుమ నున్న వస్తువు మారినది, వలయము మారలేదు. వలయమునకు ముందువరుస లేదు, వెనుకవరుస లేదు. రంగస్థలము లేనందున ప్రేక్షకులును లేరు. కొత్తగా వచ్చినవారికి చోటు కావలెనన్న వలయము కొంచెము విశాలమగును. వేదికకును జనమునకును నడుమ గీత గీచు కళలు ఐక్యమును ప్రదర్శించును. ఆ గీత లేని యీ యాటలలో ఐక్యము అడుగడుగున అభ్యాసమగును. టాల్‌స్టాయి ఈ సీమకు వచ్చియుండినచో తన సిద్ధాంతమున కొంత భాగమును సవరించియుండునని నా నమ్మకము: భావము ఒకనినుండి మరియొకనికి సోకుట ఇచ్చట ముఖ్యము కాదు, అడుగు కలియుటయే ముఖ్యము.

ఇంతవరకు చెప్పినది విని అభ్యుదయవాది నవ్వును, నవ్వు న్యాయమే. తంగేటి బెరడు తోళ్లను పదును చేయుటకు పనికివచ్చును. ఊరికి చెప్పులును, మోటబొక్కెనలును, డప్పులును ఆ బెరడు మూలముననే అమరినవి. ఒకే చెట్టు పూవునిచ్చి గౌరమ్మను, బెరడునిచ్చి మాదిగవానిని పోషించినది; అయినను పెక్కు గ్రామములలో మాదిగవాడ బతుకమ్మ ఊరి బతుకమ్మతో ఒక్క వలయమున చిరకాలము చేరలేదు. విశాలము కాగల వలయమును ఊరివారు విశాలము కానీయలేదన్నమాట. తప్పు రూపమున లేదు, ఆడువారిని ఆపినవారియందున్నది అందురా, ఒప్పుకొందును. కాని రూపమొక్కటే చాలునని మాత్రము ఇకమీద ఎవ్వరును చెప్పరాదు.

మరియొక చీకటి కలదు. తెలుగుదేశపు జానపదగాథలలో చెరువుకట్ట తెగకుండుటకై ఇంటి కోడలిని బలి యిచ్చిన కథలు పెక్కు. అనంతపురము ప్రాంతపు ముసలమ్మ కథను గ్రహించి కట్టమంచి రామలింగారెడ్డిగారు పంతొమ్మిదవ శతాబ్దాంతమున ‘ముసలమ్మ మరణము’ కావ్యమును వ్రాసిరి. స్త్రీలు పూవుల నడుమ పాడుకొను పాటలలోను అత్తింటి యారళ్లును, అకాలమరణములును లెక్కకు మిక్కిలి. ప్రకృతితో సామరస్యమని మనము ముచ్చటగా పిలుచుదానికి వెల చెల్లించినది ఎవరని ఆ గాథలు అడుగకయే చెప్పుచున్నవి. ఊరందరు బ్రతుకుటకు ఒకతె మునిగిపోవలసివచ్చిన ఐక్యమును త్యాగమని కీర్తించి ఊరుకొన్న కవులయెడ నాకు పూర్తిగా క్షమాభావము లేదు. అయినను ఆ కథను మరచిపోనీయక పాడుచు వచ్చినవారు స్త్రీలే యగుట గమనింపదగినది. వారి పాటలో స్తుతితోబాటు సాక్ష్యమును కలదు.

కళకొరకు ప్రకృతి చెల్లించిన వెలయు కలదు. గోదావరి దాటినచో నిర్మల పట్టణము. అచ్చటి కొయ్యబొమ్మలకు తెల్లపొణికి చెట్టు కావలెను. తేలికయై, మెత్తనై, ఉలికి లొంగు ఆ కలప అడవిలో తరిగిపోగా పనివారి జీవనమే సందిగ్ధమున పడినది. పక్షులను, మృగములను, ఫలములను ఇంత జీవకళతో చేయు చేతులు తమకు కొయ్యనిచ్చు చెట్టును తిరిగి నాటించు వ్యవస్థ లేక ఒట్టిపోవుట విచారకరము. ప్రకృతిని అనుకరించుట వేరు, దానితో ఇచ్చిపుచ్చుకొనుట వేరు. సామగ్రి కొరవడిన చోటను కళ నిలిచిన దృష్టాంతము నిజామాబాదు ఖిల్లా జైలు: 1948లో అచ్చట బంధితుడైన దాశరథి కృష్ణమాచార్యులు బొగ్గుతో గోడమీద పద్యములు వ్రాసెననియు, కలము కాగితము లేనిచోట బొగ్గును గోడయు కవిత్వమునకు చాలెననియు తెలుగువారు నేటికిని గర్వముగా చెప్పుకొందురు.

ఇప్పుడు చెరకు సంగతి. ఒకప్పుడు ఆసియాఖండముననే పెద్దదని పేరుమోసిన బోధను ఫ్యాక్టరీ పదిభాషలవారిని ఒక్క కూతకు లేపి, ఒక్క కూతకు నిద్రపుచ్చినది. అది ఐక్యము కాదనజాలము. జీతమును షిఫ్టును కలిపిన ఐక్యము. 2002లో ప్రైవేటు భాగస్వామ్యమునకు పోయి, 2015 డిసెంబరున మూతపడిన నాటినుండి ఆ జనము చెదరిపోయినది, చెరకు చేలు పెక్కు వరిమళ్లైనవి. యంత్రము నిర్మించిన ఐక్యము యంత్రముతోనే పోయినదని కొందరు తత్త్వము చెప్పుదురు. ఆ జీతములే పండుగలకు చీరలును బెల్లమును కొనిపెట్టినవని మరువరాదు.

కాలువ మరియొక పని చేసినది. నీరు పారు నేలలో బీడు మిగులదు. గట్లు సన్నగిల్లినవి, పొదలు పోయినవి, కలుపుమందులు వచ్చినవి. గునుగు, తంగేడు చేనినుండి తొలగి, దూరపు మెట్టపొలములనుండి కట్టలుగా వచ్చి నిజామాబాదు అంగళ్లలో అమ్ముడుపోవుచున్నవి. ఎవరి సొత్తును కానిదానికి వెల ఏర్పడినది. బంతిపూలను పైరుగా పండించి ఆ లోటు తీర్చుకొనుచున్నారు. బంతి అందమైన పూవే, కాని దానికొరకు ఎవరును బీటిని కాపాడరు. పూవులకై పొలములకు పోవు పిల్లలకు ఏ పొద యెక్కడ నున్నదో, ఏ గట్టుమీద పామున్నదో తెలియుచుండెను. నేడు వారికి పూలకట్ట ధర తెలియును.

2014లో తెలంగాణ ప్రభుత్వము బతుకమ్మను రాష్ట్రపు పండుగగా ప్రకటించి, తంగేడును రాష్ట్రపుష్పముగా ఎన్నుకొన్నది. 2016లో హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియమున తొమ్మిదివేలకు పైగా స్త్రీలు కలిసి ఆడి గిన్నిసు పుస్తకమున కెక్కిరి. ఒకనాడు మొరటు ఆటయని నాగరికులు ముఖము త్రిప్పుకొన్న కళకు గౌరవము దొరకుట సంతోషమే. చిన్నబుచ్చబడిన జనమునకు తమ పూవులను తాము నెత్తిన పెట్టుకొను ధైర్యము కలిగినది. కాని లౌడ్‌స్పీకరు పాడ మొదలుపెట్టిన తరువాత స్త్రీల నోళ్లు మూతపడినవి. ఒకతె ఎత్తుకొనుట, పదిమంది అందుకొనుట, మరచినచోట మరియొకతె సరిదిద్దుట, ఈ యేటి దుఃఖమొకటి క్రొత్తచరణమై చేరుట, ఇవన్నియు రికార్డు చేసిన పాటయందు సాధ్యము కావు. అడుగు మిగిలినది, పలుకు పోయినది. ఆర్మూరు, బోధను ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయినవారును, అమెరికా లండనులకు పోయినవారును సభాభవనములలో బతుకమ్మ నాడుచున్నారు. అంగటిలో దొరకిన చామంతులు, గులాబీలు పేర్చి, తొట్టిలోనో కొలనులోనో కలుపుచున్నారు. వారిని నిందించుటకు నాకు మనసొప్పదు. పరదేశమున మనుష్యులను కలుపుటయే ఆ పండుగ చేయగలిగిన పని, అది చేయుచున్నది. ఊరిలోనుండియు చామంతులతో సరిపెట్టుకొను మనమే సంజాయిషీ చెప్పుకొనవలసినవారము.

చెరువుల మాట మిగిలినది. తెలంగాణలోని చెరువులను పునరుద్ధరించుటకు తలపెట్టిన మిషన్ కాకతీయ 2015 మార్చిలో అప్పటి నిజామాబాదు జిల్లాలోని సదాశివనగరుననే ఆరంభమైనది. 46 వేలకు మించిన చెరువులు దాని లెక్కలోనికి వచ్చినవి. పూడికమన్ను పొలములకు పోయినది, కట్టలు బలపడినవి, చాలచోట్ల బతుకమ్మ నీటికి దిగుటకు మెట్లు కట్టిరి. పండుగ కోరినదానిని ప్రభుత్వము ఇచ్చినదని చెప్పుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము లేదు. నా కొలత కేవలము ఊహ కాదని చెప్పుటకు దీనినే చూపుదును. మెట్లు కట్టుట సులభము, శిలాఫలకమునకు చోటును దొరకును. చెరువునకు నీరు తెచ్చు వాగులను, వరదకాలువలను ఆక్రమణలనుండి విడిపించుట, పూలాంగు వాగులోనికి పట్టణపు మురుగు పోకుండ ఆపుట, కట్టవెంబడి నాలుగుబారల తంగేడు పొదను ఎవరును దున్నకుండ విడిచిపెట్టుట, ఊరివాడయు మాదిగవాడయు ఒక్కమెట్టున దిగునట్లు చూచుట, వీటికి ఏ బడ్జెటులోను పద్దు లేదు. బోధను బెల్లాలు చెరువును, నిజామాబాదు రఘునాథ చెరువును ఆయా పురపాలక సంస్థల వారు ఈ నాలుగు విషయములలో పరీక్షించి, ఏటేట పండుగకు నెలముందు పట్టికను ప్రకటించినచో, కళ సామరస్యమును తెచ్చునా లేదా యను మన చర్చకు సభలకంటె మంచి సామగ్రి దొరకును.